సమాజశాస్త్ర పరిశోధన - పరిశోధకుని విలువలు

మన కళాశాలలో సమాజశాస్త్రం అభ్యసించే విద్యార్థులు ప్రతి సంవత్సరం ఒక బస్తీని ఎన్నుకొని, ఇల్లిల్లూ తిరిగి, ముద్రిత ప్రశ్నావళిని పూరించి, ఒక నివేదికను సమర్పించడం ఆనవాయితీ. ఆ నివేదిక కళాశాల కమిటీవారి బల్ల మీదికి కూడా చేరుతుంది. ఉపకారవేతనాలను గూర్చి, సాయంకాల తరగతులను గూర్చి యోచించేటప్పుడు పెద్దలు ఆ పుటలను తిరగవేస్తారు. కనుక, "పరిశోధకుడు తన ఇష్టానిష్టాలను ఇంటివద్ద విడిచిపెట్టి బస్తీకి వెళ్ళగలడా?" అన్నది పరీక్షలో పది మార్కులకు వ్రాసే ప్రశ్న మాత్రమే కాదు. ఆ బస్తీవారికి ఏమి లభిస్తుంది, ఏమి లభించదు అన్నది కొంతవరకు దాని సమాధానంపై ఆధారపడి ఉన్నది.

ఈ ప్రశ్న నాకు మొదట ఎదురైనది పుస్తకంలో కాదు. నేను వేరొక కళాశాలలో బి.ఏ. చదివే రోజుల్లో ఇటువంటి సర్వే నిమిత్తమే హైదరాబాదు పాతనగరంలోని ఒక గల్లీకి వెళ్ళాను. ఒక ఇంటిలో నడివయస్సు దాటిన ఇల్లాలు నిప్పుల కుంపటి ముందు కూర్చుని లక్కను వేడిచేసి గాజుగా వంచుతున్నది. పక్కన ఆమె కుమార్తె ఆ మెత్తని లక్కలో ఒక్కొక్క రాయినే అద్దుతున్నది. ప్రశ్నావళి ప్రకారం నేను అడిగాను: "ఖాలా, ఈ ఇంట్లో సంపాదించేవారు ఎందరు?" ఆమె తల ఎత్తకుండానే, "మీ ఖాలూ ఒక్కరే బేటా, రిక్షా తొక్కుతారు" అన్నది. "మరి మీరు ఏమైనా పని చేస్తారా?" అన్నాను. "నాకేం పని? ఇంట్లోనే ఉంటాను" అన్నది. నేను ఆ గడిలో "పని లేదు" అని వ్రాసుకొని, సలాము చేసి పక్క ఇంటికి వెళ్ళాను. అక్కడా అదే కుంపటి, అదే ప్రశ్న, అదే జవాబు. కాగితాలు చూసిన మా అధ్యాపకులు ఒకే ఒక మాట అడిగారు: "ఆమె నీతో మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతులు ఏం చేస్తున్నాయి?"

నేను అబద్ధం వ్రాయలేదు. ఆమె చెప్పినది చెప్పినట్లే వ్రాశాను. పాఠ్యపుస్తకం కోరే నిష్పాక్షికత నాలో లోపించలేదనే అనుకున్నాను. అయినప్పటికీ ఆ గల్లీలోని స్త్రీలందరూ పని లేనివారని నా పట్టిక లోకానికి చెప్పబోయినది. 'పని' అంటే ఏమిటో ఆ గడప తొక్కకముందే నేను నిర్ణయించుకొని ఉండడమే దీనికి కారణం. ఆ నిర్ణయం నా ఒక్కనిదీ కాదు. ప్రశ్నావళిని తయారుచేసినవారిది, వారికంటె ముందు సమాజానిది, విచిత్రమేమంటే ఆ ఇల్లాలిది కూడా. మన జాతీయ జనగణనకే ఈ చిక్కు తప్పలేదు. పొలంలోగాని, కుటుంబ వృత్తిలోగాని జీతం లేకుండా చేసే పని కూడా పనిగానే లెక్కకు వస్తుందని ప్రశ్నలోనే స్పష్టంగా చేర్చినది 1991 జనగణనలో.

ఇక శాస్త్రకారుల వద్దకు వద్దాము. విలువల ప్రమేయం లేని సమాజశాస్త్రం అనగానే విద్యార్థులకు స్ఫురించే పేరు జర్మనీకి చెందిన మాక్స్ వెబర్. ఆయన జీవితాన్ని కొంచెం దగ్గరగా చూస్తే, ఈ సిద్ధాంతం విలువలు లేని మనిషి నోట వచ్చినది కాదని తెలుస్తుంది. 1892లో, ఇరవై ఎనిమిదేళ్ళ వయస్సులో, ఆయన ఎల్బ్ నదికి తూర్పున ఉన్న జర్మన్ ప్రాంతాలలోని వ్యవసాయ కూలీల స్థితిగతులపై ఒక బృహత్ నివేదిక వ్రాశాడు. ఆ సర్వేను నిర్వహించిన సంఘం ప్రశ్నావళులను ఎవరికి పంపినదో తెలుసా? కూలీలకు కాదు, భూస్వాములకు! కూలీ సుఖంగా ఉన్నాడా అని యజమానిని అడగడం అన్నమాట. ఈ లోపాన్ని వెబర్ గుర్తించకపోలేదు. అనతికాలంలోనే పాల్ గోరె అనే మిత్రునితో కలిసి మరొక విచారణ చేపట్టి, ఈసారి గ్రామాల చర్చి గురువులకు ప్రశ్నావళులు పంపాడు. కూలీని నేరుగా అడగడం అప్పటికీ జరగలేదు గాని, చూచే స్థానం మారితే కనిపించేది మారుతుందన్న ఎరుక మాత్రం అక్కడ ఉన్నది.

అదే వెబర్ 1895లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రారంభోపన్యాసంలో జర్మన్ జాతి ప్రయోజనమే ఆర్థిక విధానానికి గీటురాయి కావాలని బాహాటంగా ప్రకటించాడు. పోలండు కూలీలు రాకుండా తూర్పు సరిహద్దును మూసివేయాలన్నాడు. నేడు మనం చదివితే ఇబ్బంది కలిగించే మాటలవి. తొమ్మిదేళ్ళ తరువాత, 1904లో, సామాజిక శాస్త్రాలలో నిష్పాక్షికతను గురించి ఆయన వ్రాసిన ప్రసిద్ధ వ్యాసాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. తన విలువలు ఎంత బలమైనవో, ఎంత సులభంగా శాస్త్రం వేషం వేసుకోగలవో తెలిసినవాడు తనకు తాను వేసుకొన్న కళ్ళెం అది అని నా అభిప్రాయం.

ఆయన చెప్పిన దానిలో రెండు అంశాలు విడదీసి గ్రహించవలసినవి. అనంతమైన లోకంలో మనం దేనిని పరిశోధనకు ఎన్నుకొంటాము అన్నది మన విలువలను బట్టియే ఉంటుంది. ఇది మూల్య సంబంధం. పేదరికం ముఖ్యమని భావించనివాడు పేదరికంపై పరిశోధన చేయడు. కాని ఎన్నుకొన్న తరువాత, ఉన్నది ఏమిటో చెప్పడం వేరు, ఉండవలసినది ఏమిటో తీర్పు చెప్పడం వేరు. రెండవది మూల్య నిర్ణయం. కూలి ఎంత అన్నది విచారణకు అందుతుంది. అంత కూలి న్యాయమా అన్న దానిని పట్టికలు తేల్చలేవు. రెంటినీ కలిపివేసి, తన తీర్పును అంకెల నోట పలికించడమే వెబర్ దృష్టిలో దోషం. 1917లో మ్యూనిక్ విద్యార్థుల ముందు చేసిన ఉపన్యాసంలో ఆయన మరొక కారణం కూడా చెప్పాడు. తరగతి గదిలో ఆచార్యుడు మాట్లాడుతాడు, విద్యార్థులు మౌనంగా వినవలసి ఉంటుంది. ఎదురు చెప్పలేనివారి ముందు తన రాజకీయాలను బోధించడం న్యాయం కాదు. ఈ వాక్యం వ్రాస్తూ, అధ్యాపకుడనైన నేను కూడా కొంచెం సర్దుకొని కూర్చున్నానని ఒప్పుకొంటున్నాను.

సిద్ధాంతంగా ఈ విభజన చక్కగా ఉన్నది. క్షేత్రంలో అంత చక్కగా నిలుస్తుందా? దీనికి మెక్సికోలోని తెపోస్త్లాన్ అనే గ్రామం కథ కంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు. అమెరికా పరిశోధకుడు రాబర్ట్ రెడ్‌ఫీల్డ్ 1926-27లో అక్కడ కొన్ని నెలలు ఉండి, 1930లో ఒక గ్రంథం ప్రచురించాడు. అందులోని గ్రామం పండుగలతో, ఆచారాలతో, ఒకరికొకరు అల్లుకొన్న జీవనంతో ప్రశాంతంగా కనిపిస్తుంది. 1943లో ఆస్కార్ లూయిస్ అదే గ్రామానికి వెళ్ళాడు. 1951లో వచ్చిన ఆయన గ్రంథంలోని గ్రామంలో భూమి లేని కుటుంబాలున్నాయి, వర్గ కక్షలున్నాయి, కుటుంబాల లోపల కూడా అసూయ, భయం, పరస్పర అవిశ్వాసం ఉన్నాయి. ఊరు ఒకటే. సంవత్సరాల తేడా ఉన్నమాట నిజమే గాని, పదిహేడేళ్ళలో ఒక గ్రామం స్వర్గం నుండి నరకానికి జారిపోదు గదా! రెడ్‌ఫీల్డ్ అక్కడ ఉన్న కాలంలోనే ఆ ప్రాంతంలోని సాయుధ కలహాల మూలంగా తన కుటుంబాన్ని మెక్సికో నగరానికి తరలించవలసి వచ్చినది. ఆ కలహాల నీడ ఆయన చిత్రించిన గ్రామంపై అంతగా పడలేదు.

ఇద్దరిలో ఎవరూ అసత్యం వ్రాయలేదు. ఎవరి దినచర్య పుస్తకంలోనూ కల్పన లేదు. ఈ వివాదంలో నాకు అత్యంత గౌరవం కలిగించినది రెడ్‌ఫీల్డ్ ఇచ్చిన సమాధానం. లూయిస్ తప్పు అని ఆయన వాదించలేదు. తన గ్రంథం వెనుక దాగిన ప్రశ్న ఈ ప్రజలు దేనివల్ల ఆనందిస్తున్నారన్నది. లూయిస్ గ్రంథం వెనుక దాగిన ప్రశ్న వీరు దేనివల్ల బాధపడుతున్నారన్నది - అని తాత్పర్యం వచ్చేట్లు 1955లో ఒప్పుకొన్నాడు. పల్లెపై పరిశోధకునికి ఉన్న మమకారం, లేక పేదరికంపై ఉన్న ఆగ్రహం, ప్రశ్నను ఎన్నుకొని అక్కడితో ఆగలేదు. ఎవరి ఇంటికి వెళ్ళాలో, ఏ మాటను పుస్తకంలో వ్రాసుకోవాలో, ఏ మాటను విని ఊరుకోవాలో కూడా అదే నిర్ణయించినది. వెబర్ గీసిన గీత ఇక్కడ కొంత చెరిగిపోయినదని అంగీకరించక తప్పదు. అయితే ఒక సంగతి గమనించాలి. భూమి లేని కుటుంబాలు లూయిస్ ఆగ్రహం వల్ల పుట్టుకురాలేదు. అతని ఆగ్రహం అతనిని ఆ ఇళ్ళకు తీసికొని వెళ్ళినది, అంతవరకే. అక్కడ భూమి ఉన్నదా లేదా అన్నది ఎవరు వెళ్ళి చూసినా తేలే విషయం.

మన దేశంలోని గ్రామ అధ్యయనాలలో ఇదే సమస్య 'ఎక్కడ బస?' అనే రూపంలో కనిపిస్తుంది. ఎం.ఎన్. శ్రీనివాస్ గారు 1948లో మైసూరు ప్రాంతంలోని రాంపురలో పరిశోధన చేశారు. 1970 ఏప్రిల్ 24న, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆయన ఉన్న అధ్యయన కేంద్రానికి దుండగులు నిప్పంటించగా, ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకొన్న వ్రాతల మూడు ప్రతులూ బూడిద అయ్యాయి. ఆ పిమ్మట జ్ఞాపకం నుండి వ్రాసిన గ్రంథమే 1976లో వెలువడిన 'ది రిమెంబర్డ్ విలేజ్'. తాను బ్రాహ్మణుడు కావడం, గ్రామపెద్ద ఏర్పరచిన వసతిలో ఉండడం, భూమిగల పై కులాలవారితోనే ఎక్కువ సాన్నిహిత్యం కలగడం తన దృష్టిని ప్రభావితం చేశాయని ఆయన దాచలేదు. 1961-62లో తంజావూరు జిల్లాలో పరిశోధించిన ఆంద్రే బెతే గారు అగ్రహారంలో, ఒక బ్రాహ్మణ గృహంలో ఉన్నారు. అక్కడ నివసించడం వల్ల తెరుచుకొన్న తలుపులు కొన్ని, మూసుకొన్న తలుపులు కొన్ని అని ఆయనే తరువాత వ్రాశారు. ఆది ద్రావిడుల చేరిలోకి అగ్రహారం నుండి నడిచి వెళ్ళే మనిషిని ఎవరు నిస్సంకోచంగా నమ్ముతారు?

హైదరాబాదుకు సమీపంలోని శామీర్‌పేట కూడా ఈ చరిత్రలో భాగమే. శ్యామాచరణ్ దూబే గారు అక్కడి అధ్యయనాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయపు సాంఘిక సేవా పథకంలో భాగంగా చేశారు. వైద్యులు, వ్యవసాయ నిపుణులు, పశువైద్యులు కూడా ఆ బృందంలో ఉన్నారు. ఫలితంగా 1955లో వచ్చిన 'ఇండియన్ విలేజ్' భారత గ్రామాన్ని సమగ్రంగా వర్ణించిన తొలి గ్రంథాలలో ఒకటిగా ప్రసిద్ధి చెందినది. గ్రామం బాగుపడాలి అనే విలువ ఆ పరిశోధన పుట్టుకలోనే ఉన్నది. దానిని లోపంగా నేను భావించను. ఎద్దుకు మందు ఇచ్చినవానితో రైతు మనసు విప్పి మాట్లాడుతాడు. కాని మందు ఇచ్చేవాని ముందు రోగాన్ని కొంచెం పెంచి చెప్పే స్వభావం కూడా మనిషికి ఉన్నది. కాబట్టి ఇటువంటి అధ్యయనాన్ని చదివేటప్పుడు, ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో చెప్పారు అని పాఠకుడు అడుగుతూనే ఉండాలి.

కొలిచే సాధనమే కొలవబడే వస్తువును మార్చివేసే సందర్భాలు కూడా ఉన్నాయి. 1901 జనగణనలో కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ కులాలను సామాజిక గౌరవ క్రమంలో పేర్చాలని సంకల్పించగానే, తమ కులాన్ని ఇంకొక మెట్టు పైన వ్రాయవలసిందిగా దేశం నలుమూలల నుండి మహజరులు వచ్చిపడ్డాయి. కులసంఘాలు పుట్టుకొచ్చాయి. నిచ్చెన ఉన్నదని నమ్మినవాడు నిచ్చెనను కొలవబోయి, దానికి కొత్త మెట్లు కట్టించాడు.

ఇంతవరకు చదివినవారు, "అయితే ఎవరికి తోచినది వారు వ్రాసుకోవచ్చునన్నమాట, ప్రతివాని సత్యం వానిది" అని తేల్చుకొనే ప్రమాదం ఉన్నది. ఈ మధ్య విద్యావంతులలో ఈ ధోరణి బాగా వినిపిస్తున్నది. నేను దీనితో ఏకీభవించను. ఎందుకో చెప్పడానికి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ గాథ చాలును.

డుబోయిస్ అమెరికాలోని నల్లజాతి పండితుడు. 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఫిలడెల్ఫియా నగరంలోని ఏడవ వార్డులో నివసించే నల్లజాతి ప్రజలను గురించి పరిశోధించే బాధ్యతను ఆయనకు అప్పగించినది. నగరపు దురవస్థకు ఆ ప్రజలే కారణమన్న భావన పెద్దమనుషులలో ప్రబలంగా ఉన్న కాలమది. ఆయన భార్యతోసహా ఆ వార్డులోనే కాపురం పెట్టి, వేలాది గడపలు స్వయంగా ఎక్కి దిగి, 1899లో గ్రంథం ప్రచురించాడు. తనకు విలువలు లేవని ఆయన అనలేదు. మనుషులకు సంబంధించిన గొప్ప విషయాలలో ప్రతివానికీ ఏదో ఒక దృఢ విశ్వాసం ఉండక తప్పదనీ, అది ఎంతటి నిర్వికార పరిశోధనలోనైనా కొంత చొరబడుతుందనీ మొదటి పుటలలోనే హెచ్చరించాడు. ఆ తరువాత ఆయన చేసిన పని చూడండి. తన జాతివారిలోని నేరాలను దాచలేదు. వాటికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పేదరికాన్ని, పనివ్వని యజమానులను, అధిక అద్దెలను అంతే వివరంగా లెక్కకట్టాడు. నేరం జాతి రక్తంలో ఉన్నదన్న వాదం ఆ లెక్కల ముందు నిలువలేకపోయినది. అప్రియమైన అంకెలను దాచి ఉంటే ప్రియమైన అంకెలను ఎవరు నమ్మేవారు?

అయితే అదే 1899లో జార్జియా రాష్ట్రంలో శామ్ హోస్ అనే నల్లజాతి మనిషిని అల్లరిమూక క్రూరంగా చంపినది. అట్లాంటాలో ఉన్న డుబోయిస్, ఇటువంటి ఘోరాలు జరుగుతుండగా నిర్లిప్తుడైన శాస్త్రవేత్తగా ఉండిపోవడం తనకు సాధ్యం కాలేదని తరువాత తన జీవితచరిత్రలో వ్రాసుకొన్నాడు. ఆయన క్రమంగా ఉద్యమంలోకి వెళ్ళాడు. పరిశోధన ఎక్కడ ముగిసి పోరాటం ఎక్కడ మొదలైనదో తనకు తెలుసును, ఇతరులకు తెలియజేశాడు కూడా.

కార్నెగీ సంస్థవారు అదే సమస్యపై విచారణకు 1938లో స్వీడన్ దేశీయుడైన గున్నార్ మిర్డాల్‌ను పిలిపించారు. వలస సామ్రాజ్యాల చరిత్ర లేని దేశం నుండి వచ్చినవాడు పక్షపాతం లేకుండా చూస్తాడని వారి ఆశ. మిర్డాల్ మాత్రం 1944 నాటి గ్రంథంలో, పక్షపాతం నుండి తప్పించుకొనే మార్గం విలువలను దాచడం కాదనీ, వాటిని ముందుగానే బహిరంగంగా చెప్పడమనీ వాదించాడు. సమానత్వం, స్వేచ్ఛ అనే అమెరికన్ల స్వంత ఆదర్శాన్నే ఆయన కొలబద్దగా ఎన్నుకొని, ఆ సంగతి చాటి చెప్పాడు. ఈ మార్గం మంచిదే గాని, చాలదని నేనంటాను. 'నా విలువలు ఇవి' అని పీఠికలో ఒక పేరా వ్రాసి, తరువాతి మూడువందల పుటలలో ఇష్టం వచ్చినట్లు వ్రాసేవారు లేకపోలేదు. మనకు తెలిసిన విలువలనే మనం ప్రకటించగలము. కుంపటి ముందు కూర్చున్న ఇల్లాలికి పని లేదని వ్రాసిన రోజున నన్ను ఎవరైనా 'నీ విలువలేమిటి?' అని అడిగి ఉంటే, స్త్రీపురుషులు సమానులు అని నిజాయితీగానే చెప్పి ఉండేవాడిని!

కావలసినది, మన నమ్మకానికి వ్యతిరేకమైన సమాధానం కూడా లోపలికి రాగలిగేట్లు ప్రశ్నావళిలో ఒక తలుపు తెరిచి ఉంచడం. ఇటీవలి చరిత్ర నుండి ఒక నిదర్శనం. 2005లో నియమితమైన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ముస్లిముల సామాజిక, ఆర్థిక, విద్యా స్థితిపై 2006 నవంబరులో నివేదిక సమర్పించినది. సమాన అవకాశం అనే విలువ లేకపోతే అటువంటి కమిటీయే ఉండేది కాదు. ముస్లిములను దేశ సగటుతో పోల్చాలా, వెనుకబడిన తరగతులతోనా, దళితులతోనా అన్న ఎంపికలోనూ విలువ ఉన్నది. కమిటీ మూడు పోలికలూ ఇచ్చినది. 2001 జనగణన ప్రకారం దేశంలో అక్షరాస్యత 64.8 శాతం కాగా, ముస్లిములలో 59.1 శాతం. ముస్లిం పిల్లలు అధిక సంఖ్యలో మదరసాలకే వెళ్తారన్న అభిప్రాయం, దానిని నిందించేవారిలోనూ, దానిని చూచి గర్వించేవారిలోనూ సమానంగా ఉండేది. బడి ఈడు పిల్లలలో అక్కడ చదివేవారు సుమారు 3-4 శాతం మాత్రమేనని లెక్క తేలినది. ఇరుపక్షాలనూ నిరాశపరచిన అంకె అది. విలువ ప్రశ్నను పుట్టించినది, జవాబును మాత్రం శాసించలేదు.

ఈ సంవత్సరం మన విద్యార్థులు బస్తీకి తీసికొని వెళ్ళే ప్రశ్నావళిని గత నెలలో తరగతిలో అందరమూ కూర్చుని సవరించాము. 'పని చేస్తారా?' అన్న ప్రశ్నను తీసివేసి, 'నిన్న ఉదయం లేచినది మొదలు పడుకొనే వరకు ఏమేమి చేశారు?' అని వ్రాశాము. జవాబు చెప్పినవారు ఎవరు, ఆ సమయంలో పక్కన ఎవరున్నారు అన్న రెండు గడులు చేర్చాము. మనం ఊహించని జవాబు వస్తే వ్రాయడానికి అడుగున ఖాళీ స్థలం విడిచాము. పని పూర్తి అయినదనుకొని కాగితాలు సర్దుతుండగా ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకామె లేచి, "సార్, మొదటి పంక్తిలో 'ఇంటి యజమాని పేరు' అని ఉన్నది. అది ఎవరిని అడగాలి?" అన్నది. తరగతిలో కొందరు నవ్వారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ముద్రణాలయానికి పంపవలసిన ప్రతి ఇంకా నా బల్ల మీదనే ఉన్నది.